ముందు పలకరింపు, తర్వాత రొట్టె

పారిస్ నగరంలో కాపురం పెట్టిన తెలుగువారు మొట్టమొదట నేర్చుకోవలసిన మాట ‘బొంజూర్’. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న మన యానాంకు ఆ మాట కొత్త కాదు గాని, పారిస్‌లో అది లేనిదే రొట్టె పుట్టదు! దుకాణంలో అడుగు పెడుతూనే అనాలి. అనకుండా సరుకు అడిగామా, అమ్మే ఆవిడ తానే ‘బొంజూర్’ అని, మన బదులు కోసం ఆగుతుంది.

ఆ రొట్టె పేరు బాగెట్. మూరెడు పైగా పొడుగు, పావుకిలో తూకం. చంకన పెట్టుకుని ఇల్లు చేరేలోగా దాని కొస కొరకని పెద్దమనిషి అరుదు. ‘సంప్రదాయ’ రొట్టెలో నిలవ మందులు కలపరాదని 1993లో శాసనమే చేశారు. 2022లో యునెస్కో ఆ రొట్టె పనితనాన్ని మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. మన ఆవకాయకు ఆ భాగ్యమెప్పుడో!

లెక్కలు మరీ తమాషా. తొంభై ఏడును వారు ‘నాలుగిరవైల పదిహేడు’ అంటారు. ఇరవైల లెక్కన కాయలెంచే మన పల్లెటూరి అవ్వలైతే అక్కడ చిల్లర దగ్గర తడబడరు.

ఇంతకూ ఆ పలకరింపు వట్టి మర్యాదేనా? ఒంటిగదిలో ఒంటరిగా కాలం గడిపే ముసలివారికి ఆ పూట వినబడే మొదటి మనిషిమాట అదే కావచ్చు. బాగెట్ మర్నాటికి గట్టిపడుతుంది. మళ్లీ దుకాణానికి రాక తప్పదు. ఆ వంకనైనా రోజుకొక ‘బొంజూర్’ దక్కుతుంది.