కారు చవక.. ఖర్చు చురక

* షోరూం ధర ఒకటి.. రోడ్డెక్కేసరికి మరొకటి
* నాలుగేళ్లకు విలువ సగం.. అప్పు మాత్రం పదిలం
* సరిహద్దు కుటుంబాలకు రిజిస్ట్రేషన్ తిప్పలు

శక్తినగర్ (రాయచూరు జిల్లా): బైకు మీద నలుగురు సర్దుకొని వెళ్లే కుటుంబానికి చిన్న కారు ఓ పెద్ద కల. 2009లో టాటా నానో మార్కెట్లోకి వచ్చినప్పుడు ‘లక్ష రూపాయల కారు’ అన్న మాట ఊరూవాడా మార్మోగింది. ఆ లక్షలో పన్నులు, రవాణా ఖర్చు కలవలేదు. అతి తక్కువ ధర మోడల్‌కు ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. 2018తో ఆ కారు తయారీ ఆగిపోయింది. కల మాత్రం ఆగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. దాంతో మూడున్నర, నాలుగు లక్షల ధరలు ప్రకటనల్లో మళ్లీ ఊరించాయి. థర్మల్ కేంద్రాన్ని నమ్ముకొని బతికే శక్తినగర్‌లోనూ ‘నెలకు ఆరు వేలే కదా’ అన్న లెక్కతో సంతకం పెట్టేయడం తేలికే. తర్వాత ఖర్చు తడిసి మోపెడవుతోంది.

అసలు ధర ఇదీ..

నాలుగు లక్షల కారునే తీసుకుందాం. కర్ణాటకలో ఐదు లక్షల లోపు కారుకు జీవితకాల పన్ను 13 శాతం. అంటే రూ.52 వేలు. ఆ పన్ను మీద మళ్లీ సెస్సు. బీమా, ఫాస్టాగ్, మ్యాట్లు, సీటు కవర్లు, కొన్నిచోట్ల ‘హ్యాండ్లింగ్’ పేరుతో మరికొంత. అన్నీ కలిసేసరికి నాలుగున్నర లక్షలు దాటిపోతుంది. పత్రికలో చూసిన ధరకు, కట్టాల్సిన ధరకు మధ్య తేడాతో ఓ కొత్త బైకు కొనుక్కోవచ్చు.

‘ఫ్రీ సర్వీసు’ మాట కూడా అంతే. ఉచితమైంది కూలి మాత్రమే. ఆయిల్, ఫిల్టర్లకు డబ్బు కట్టాల్సిందే.

మూడేళ్ల బీమాలో మెలిక

కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా 2018 సెప్టెంబరు 1 నుంచి తప్పనిసరి. 1000 సీసీ లోపు ఇంజిన్‌కు 2022 జూన్‌లో ఖరారైన రేటు రూ.6,521. ‘మూడేళ్లకు బీమా ఉంది’ అని ధీమాగా ఉంటే చిక్కే. అది మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి. మన బండి దెబ్బతింటే వర్తించే బీమా సాధారణంగా ఏడాదికే ఇస్తారు. రెన్యువల్ మరిచిపోయాక గుద్దుకుంటే బాగుచేత ఖర్చంతా సొంత జేబులోంచే. బీమా ఉన్నా ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం తరుగు కోస్తారు. చిన్న కారులో ముందుగా పగిలేది ప్లాస్టిక్ బంపరే. అదనపు ప్రీమియంతో ‘జీరో డిప్రిసియేషన్’ తీసుకుంటే ఈ కోత తప్పుతుంది.

కిస్తీ.. పెట్రోలు

మూడున్నర లక్షల అప్పు, పది శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు. నెలకు కిస్తీ సుమారు రూ.5,800. మొత్తం కట్టేది రూ.4.88 లక్షలు. నాలుగేళ్లు కట్టాక కూడా ఇంకా రూ.1.80 లక్షలు మిగిలే ఉంటుంది. అప్పటికి బీమా లెక్కలో బండి విలువ సగానికి, అంటే రెండు లక్షలకు దిగుతుంది. పని పోయి బండి అమ్మేద్దామనుకునే కాంట్రాక్టు కార్మికుడి చేతికి మిగిలేది నామమాత్రమే. కొన్నవారు బేరమాడితే ఎదురు కట్టాల్సి వస్తుంది.

శక్తినగర్ నుంచి రాయచూరు సుమారు 20 కిలోమీటర్లు. నెలలో పాతిక రోజులు వెళ్లొస్తే వెయ్యి కిలోమీటర్లు. ఎండకు ఏసీ వేసుకొని లీటరుకు 18 కిలోమీటర్లు వచ్చినా, పెట్రోలు లీటరు వంద చొప్పున రూ.5,500 పైమాటే. కిస్తీకి తోడు మరో కిస్తీ అన్నమాట. ప్రకటనలో కనిపించే 24 కిలోమీటర్ల మైలేజీ పరీక్షల్లో వచ్చేది.

బూడిదతో బేజారు

1985లో ఉత్పత్తి మొదలైన ఇక్కడి థర్మల్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లున్నాయి. బొగ్గు మండితే బూడిద మిగులుతుంది. దాన్ని ట్యాంకర్లలో తరలిస్తారు. ఇలాంటి దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్ తొందరగా మూసుకుపోతాయి. పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే మార్చాలి. అద్దం మీది బూడిదను పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. నీళ్లు పోశాకే తుడవాలి.

వంతెన దాటితే..

కృష్ణా వంతెన దాటితే తెలంగాణ, నారాయణపేట జిల్లా. చుట్టాలు అటు, ఉద్యోగం ఇటు. ‘అవతల బండి అగ్గువ’ అని బంధువుల చిరునామాతో అక్కడ రిజిస్టర్ చేయించాలన్న ఆలోచన కొందరిది. 2022లో పన్ను పెంచాక ఐదు లక్షల లోపు కారుకు అక్కడా 13 శాతమే. లాభం లేదు, పైగా చట్టం ప్రకారం యజమాని ఉండేచోటే రిజిస్టర్ చేయించాలి. అక్కడి నంబరు బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తప్పదు. అందుకు అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌వోసీ, అప్పుంటే బ్యాంకు సమ్మతి కావాలి. ఇక్కడ మళ్లీ పన్ను కట్టి, అక్కడ కట్టిన దానిలో తిరిగి రావాల్సింది రాబట్టుకోవడానికి తిరగాలి. ఎన్నాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగితే అన్ని రోజుల కూలి పోయినట్టే.

పెట్రోలు విషయంలో మాత్రం ఇవతలి వారిదే పైచేయి. తెలంగాణలో పెట్రోలుపై వ్యాట్ 35.20 శాతం. కర్ణాటకలో 2024 జూన్‌లో పెంచాక కూడా 29.84 శాతమే.

సంతకానికి ముందు..

* ‘ఆన్ రోడ్’ ధర వివరాలు కాగితం మీద రాయించుకోవాలి. ప్రతి పద్దుకూ రశీదు అడగాలి.
* బీమా షోరూంలోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. బయట రేటు కనుక్కోవచ్చు.
* కిస్తీ, పెట్రోలు, బీమా, సర్వీసు కలిపి నెలకు ఎంతవుతుందో లెక్క వేయాలి. నాలుగు లక్షల కారుకు అది రూ.12 వేలు దాటొచ్చు. కొనక ముందే మూడు నెలలు ఆ మొత్తం పక్కన పెట్టి చూస్తే తాహతు తెలిసిపోతుంది.
* హైదరాబాద్‌లో కొన్నా తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో తెచ్చి రాయచూరులో కేఏ 36 నంబరు వేయించుకోవడం మేలు.
* అప్పు తీరాక బ్యాంకు ఎన్‌వోసీతో ఆర్‌సీలోని బ్యాంకు పేరు తీయించాలి. లేదంటే అమ్మే రోజున బండి కదలదు.