ముందు బాడుగకుండేవారు, తర్వాతే పునాది

పుత్తూరు: చేను అమ్మిన సొమ్ము కానీయండి, రోడ్డు వెడల్పు చేసినప్పుడు వచ్చిన పరిహారం కానీయండి, చేతికి నాలుగు డబ్బులు రాగానే పల్లెల్లో కలిగే ఆలోచన ఒకటే. రోడ్డు పక్కన నాలుగు అంగడి గదులు కట్టి బాడుగకు ఇవ్వాలి. ఎదురుగా ఉన్నాయన కట్టాడు గనుక మనమూ కడదామన్నదే తప్ప, ఆ గదుల్లో చేరేదెవరు అన్న ప్రశ్న చాలామందికి తట్టదు. షట్టర్లు బిగించాక నెలల తరబడి తాళాలు వేలాడితే అప్పుడు దిగులు మొదలవుతుంది.

ఈ విషయంలో పుత్తూరు వాసులు దూరం వెళ్లనవసరం లేదు. పక్కనే ఉన్న రాచపాళెం ఎముకల కట్టు వైద్యాన్ని చూస్తే చాలు. పందొమ్మిదో శతాబ్ది చివరి నుంచి ఒకే పనిని పట్టుకుని నేర్పు సాధించినందువల్లే 'పుత్తూరు కట్టు' పేరు పొరుగు రాష్ట్రాలకూ పాకింది. బాడుగ కట్టడాలకూ ఇదే వర్తిస్తుంది. అంగడి, లాడ్జి, కల్యాణ మండపం, గోడౌను అన్నీ ఇటుక, సిమెంటే అయినా వ్యాపారాలు మాత్రం వేర్వేరు. ఒకదాన్ని ఎంచుకుని దాని లోతుపాతులు తెలుసుకున్న వారే నిలబడగలరు.

అంగడి గదులు

అంగడికి ప్రాణం జనం నడక. బస్సు దిగినవారు ఏ వైపు నడుస్తారో ఆ వైపు గదికే గిరాకీ. బైపాసు పడితే ఆ నడక మారిపోవచ్చు. రోడ్డు వెడల్పయితే ముందు భాగమే పోవచ్చు. ఒక లెక్క చూడండి. నెలకు 5,000 రూపాయల బాడుగ వచ్చే గది నాలుగు నెలలు ఖాళీగా ఉంటే ఏడాది రాబడి 60,000 కాదు, 40,000 మాత్రమే. బ్యాంకు వాయిదా మాత్రం పన్నెండు నెలలూ కట్టాల్సిందే.

లాడ్జి

పుత్తూరు తిరుపతికి సుమారు 35 కిలోమీటర్లు, చెన్నైకి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, రెండింటినీ కలిపే రోడ్డు మీద ఉంది. రేణిగుంట - అరక్కోణం రైలు మార్గమూ ఇక్కడినుంచే పోతుంది. అయితే ఇక్కడ గది అడిగేవారిలో యాత్రికులే కాదు, కట్టు కోసం వచ్చేవారూ ఉంటారు. కాలు విరిగిన మనిషి మేడ మెట్లు ఎక్కలేడు. ఆయనకు కావలసింది కింది అంతస్తు గది, వెడల్పు తలుపు, కుర్చీలా కూర్చునే మరుగుదొడ్డి. ఈ చిన్న సంగతి తెలిసి కట్టినవారి గది నిండుతుంది. కాకపోతే లాడ్జి అంటే రోజూ చాకిరీ. దుప్పట్లు ఉతికించడం మొదలు రిజిస్టరు రాయడం వరకూ మనిషి అక్కడ ఉండి తీరాలి.

కల్యాణ మండపం

శ్రీనివాసుడు పద్మావతిని పెళ్లాడిన చోటని భక్తులు నమ్మే నారాయణవనం కూతవేటు దూరంలో ఉంది. పెళ్లిళ్లకు కొదవ లేదు. కానీ మండపం రాబడి పంచాంగం చేతిలో ఉంటుంది. ఆషాఢం, పుష్యం, మూఢం వస్తే వాచ్‌మన్ జీతం తప్ప మరో లెక్క ఉండదు. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు మండపాలు, లాడ్జీలు మూతపడ్డాయి. ధాన్యం, సరుకులు నిల్వ ఉంచిన గోడౌన్లకు మాత్రం పని ఆగలేదు.

గోడౌను

గోడౌనుకు మెయిన్ రోడ్డు ముఖం అక్కరలేదు. లోపలి స్థలమైనా చాలు, ధరా తక్కువే. లారీ వచ్చి తిరిగే దారి, లారీ ఎత్తుకు లేపిన అరుగు, చెమ్మ ఎక్కని నేల, ఎలుక దూరని తలుపు ఉండాలి. చేరేది ఒక్కడే అయినా ఏళ్ల తరబడి ఉంటాడు. అతడు ఖాళీ చేస్తే మాత్రం మొత్తం రాబడి ఒక్కసారిగా ఆగుతుంది. 2007 నాటి గిడ్డంగుల చట్టం కింద నమోదైన గోడౌనులో సరుకు ఉంచిన రైతు, ఆ రసీదు చూపి బ్యాంకులో అప్పు తీసుకోవచ్చు. చెనిక్కాయలు, వడ్లు పండే ప్రాంతంలో ఇది ఆలోచించదగినది. నగరి, పుత్తూరు మగ్గాల వారు అడిగే షెడ్డు వేరు. దానికి మూడు ఫేజుల కరెంటు కావాలి, మగ్గాల చప్పుడుకు ఇరుగుపొరుగు ఒప్పుకోవాలి.

కాగితం మరవరాదు

బాడుగ ఏడాదికి మించితే ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. నోటిమాట తగాదా రోజున పనికిరాదు. కట్టి అమ్మే కాంప్లెక్సులో గది కొనేవారు 2016 నాటి రెరా చట్టం కింద ఆ ప్రాజెక్టు నమోదైందో లేదో చూసుకుని మరీ అడ్వాన్సు ఇవ్వాలి. చట్టం వర్తించే ప్రాజెక్టుల్లో బేరం కుదిర్చే బ్రోకరుకూ నమోదు తప్పనిసరి. ఆ బ్రోకరు సైతం అన్నీ అమ్మేవాడైతే సలహా పైపైనే ఉంటుంది. గోడౌన్లే చూసేవాడికి ఏ మిల్లుకు ఎంత చోటు కావాలో తెలుసు.

తొందరపడి పునాది తీయడం కంటే, ఒక ఏడాది ఆ రోడ్డు వెంట నడవడం మేలు. మాఘంలో ఒకసారి, ఆషాఢంలో ఒకసారి మూసి ఉన్న షట్టర్లు లెక్కపెట్టాలి. లోపల వ్యాపారం చేసేవారిని కష్టసుఖాలు అడగాలి. ఇంత చేసినా ఖర్చయ్యేది చెప్పుల అరుగుదల మాత్రమే. తాతల నాటి చేను పోతే మళ్లీ రాదు గనుక, ఆ సొమ్ముతో కట్టే కట్టడంలో ఎవరు చేరతారో ముందుగా తెలుసుకోవడం రైతు కుటుంబానికి శ్రేయస్కరం.