మచ్చ నూలు మీద కాదు... కంట్లో!
నారాయణపేటలో చీర నేస్తున్న పెద్దాయనకు తెల్లటి పడుగు మీద నల్లమచ్చ కనిపించిందనుకోండి. దులిపినా పోదు. చూపు తిప్పితే దాంతోపాటే కదులుతుంది. ఇవే 'ఫ్లోటర్స్'. కంటి లోపలి జెల్లీలాంటి పదార్థం వయసు పెరిగేకొద్దీ పలచబడి, కుంచించుకుపోతుంది. అందులోని పోగుల నీడ రెటీనా మీద పడి మచ్చల్లా, దారాల్లా కనిపిస్తుంది.

చాలామందికి ప్రమాదమేమీ ఉండదు, క్రమంగా అలవాటైపోతుంది. కంట్లో వేసే చుక్కల మందుతో ఇవి కరగవు.

అయితే మచ్చలు ఒక్కసారిగా ఎక్కువైనా, మెరుపులు కనిపించినా, చూపునకు ఓ పక్క తెర పడినట్లున్నా ఆ రోజే కంటి డాక్టర్ని కలవాలి. రెటీనా చిరిగితే లేజర్‌తో సరిచేస్తారు. ఆలస్యమై ఊడిపోతే ఆపరేషన్ తప్పదు. మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్లు, శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, మధుమేహులు మరింత జాగ్రత్తగా ఉండాలి. నొప్పి లేదు కదా అని ఊరుకుంటే చూపే పోవచ్చు!