"ఏం కాదులెండి" అంటే భయం పోతుందా?

రేపు డయాలసిస్ అంటే మీవారికి ఇవాళ సాయంత్రం నుంచే అన్నం సయించదు. "మొన్నట్లా మిషన్ మీద బీపీ పడిపోతే?" అని పదిసార్లయినా అంటారు. "ఏం కాదులెండి, ఊరికే కంగారు పడకండి" అంటారు మీరు. అవునా?

ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఇలాంటి ఇళ్ళను ఎన్నో చూపిస్తుంది. చిక్కేమిటంటే, ఆ భయం వట్టిది కాదు. జబ్బు నిజం. అందుకే "ఏం కాదు" అన్న మాట చెవికెక్కదు.

1960లలో అమెరికా డాక్టర్ ఆరన్ బెక్ మొదలుపెట్టిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సి.బి.టి.) భయాన్ని కొట్టిపారేయదు, లెక్క అడుగుతుంది. ఓ నోటుపుస్తకం తీయించండి. వారానికి మూడు చొప్పున నెలకి దాదాపు పన్నెండు డయాలసిస్‌లు. వాటిలో బీపీ ఎన్నిసార్లు పడింది? ఒక్కసారే అనుకుందాం. అప్పుడేమైంది? నర్సు కాళ్ళు ఎత్తిపెట్టి, మిషన్ లాగే నీరు తగ్గించింది, కాసేపటికి సర్దుకుంది. ఇదంతా ఆయన చేత్తోనే రాయించండి. మీరు చెబితే ఓదార్పు, ఆయన రాసుకుంటే సాక్ష్యం!

ఒక్క హెచ్చరిక. ఆయాసం, గుండెదడ వస్తే భయమేలే అని సరిపెట్టుకోకండి. ఒంట్లో నీరు చేరినా, పొటాషియం పెరిగినా ప్రమాదం. ముందు డాక్టరు, ఆ తర్వాతే నోటుపుస్తకం.

రెండోది, మానేసిన పనులు. ఏటా నెమలి వేణుగోపాలస్వామి దర్శనానికి వెళ్ళే మనిషి, దారిలో పడిపోతానేమోనని గుమ్మం దాటడం మానేశారనుకోండి. మానేసిన కొద్దీ భయం బలుస్తుంది. డాక్టరు సరేనంటే, డయాలసిస్ లేని రోజు చూసి మొదట వీధి చివరిదాకా, మరోనాడు బస్టాండుదాకా నడిపించండి. బయల్దేరేముందు భయానికి పదికి ఎన్ని మార్కులో, తిరిగొచ్చాక ఎన్నో వేయమనండి. తగ్గడం ఆయనకే కనిపిస్తుంది. తగ్గని రోజులూ ఉంటాయి, దెప్పకండి.

ఇది పూర్తిగా ఇంటివైద్యం కాదు, శిక్షణ పొందిన సైకాలజిస్టు నేర్పాలి. ఎవర్ని అడగాలో తెలియకపోతే 2022లో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీకు నిద్ర పట్టకపోతే మీ గురించీ అడగండి, మొహమాటమెందుకు?

ఇక నెమలి వెళ్ళిననాడు ప్రసాదం పులిహోరైతే మాత్రం కళ్ళకద్దుకుని మీరే తినేయండి. ఆ ఉప్పు, చింతపండు ఆయనకి పడవు.