కుజుని ఫొటోలు అతికేవారు

పెండ్లి సంబంధం మాట రాగానే మన ఇండ్లలో కుజుణ్ణి తలచక తప్పదు. జాతకచక్రంలో ఆయన ఏ ఇంట వున్నాడో, దోషం వున్నదో లేదో, వుంటే పరిహారమేమిటో అడగని పెద్దలు అరుదు. ఊరు మారినా, తరాలు గడచినా, ఇంటి తెలుగులో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో కలిసిపోయినా ఈ లెక్క మాత్రం మన వెంటనే వచ్చింది. ఇంతగా తలచే ఆ కుజుని నేల ఎట్లా వుంటుందో చూచినవారు మాత్రం మనలో కొద్దిమందే. చూడదలచినవారికి ఈనాడు కష్టమేమీ లేదు. అక్కడ తిరుగుతున్న అమెరికావారి రోవరు బండ్లు పంపే ఫొటోలు వచ్చినవి వచ్చినట్లుగా లోకానికంతా అందుతున్నవి. ఆ ఫొటోలను తీసుకొని, జీతం బత్తెం లేకుండా, ఆఫీసు పని ముగించి రాత్రిళ్ళు కూర్చొని, వాటిని శుభ్రం చేసి, ఒకదానికొకటి అతికి, రంగులు కూర్చేవారు అనేక దేశాలలో వున్నారు. వారిని గురించి నాలుగు మాటలు చెప్పాలని ఈ ప్రయత్నం.

ఈ సంగతి ముఖ్యంగా 2004తో మొదలయింది. ఆ సంవత్సరం జనవరిలో స్పిరిట్, ఆపర్చునిటీ అనే రెండు రోవర్లు కుజగ్రహం మీద చెరొకచోట దిగినవి. అక్కడి రోజు మన రోజు కంటే సుమారు 40 నిమిషాలు ఎక్కువ. అటువంటి 90 రోజులు పనిచేస్తే చాలునని వాటిని పంపారు. మొదటిది 2010 దాకా, రెండవది 2018 దాకా పలుకుతూనే వున్నవి. అంతవరకూ వాడుక ఏమంటే, యంత్రం పంపిన సమాచారాన్ని శాస్త్రజ్ఞులు కొన్ని నెలలు తమవద్ద వుంచుకొని, పరిశీలించి, వ్యాసాలు వ్రాసుకొని, పిమ్మట బయటపెట్టడం. వారి కష్టానికి అది న్యాయమే. కాని ఈ రోవర్ల విషయంలో స్టీవ్ స్క్వైర్స్ నాయకత్వాన పనిచేసిన బృందం వేరు దారి పట్టింది. ఫొటోలు భూమికి చేరడమే తడవుగా, ఏ మెరుగూ పెట్టకుండా, అందరికీ చూడనిచ్చారు. ఆఫీసులో ఇరవై ఏండ్లుగా ఫైళ్ళు మోస్తున్న నాకు ఇది చిన్న విషయంగా తోచదు. సంతకం పడని చిత్తుకాగితాన్ని బయటివాడికి చూపించే అధికారిని నేనింతవరకు చూడలేదు.

అయితే ఆ వచ్చే ఫొటోలు చూడముచ్చటగా వుంటాయనుకుంటే పొరబాటు. అవి నలుపు తెలుపువి. చిన్నవి. దూరప్రయాణం కోసం నొక్కి కుదించి పంపినవి. కెమెరా ముందు ఒక చక్రం, దానిలో రకరకాల రంగు గాజుబిళ్ళలు వుండేవి. ఎర్ర బిళ్ళ ద్వారా ఒకటి, ఆకుపచ్చ బిళ్ళ ద్వారా ఒకటి, నీలపు బిళ్ళ ద్వారా ఒకటి, ఇట్లా ఒకే దృశ్యాన్ని మూడుసార్లు తీస్తుంది. మన పత్రికలకు రంగుల అట్ట వేయించినవారికి ఇది తేలికగా బోధపడుతుంది. ప్రెస్సులో ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క బ్లాకు చేసి, ఒకదానిమీద ఒకటి సరిగా పడేటట్లు అచ్చు వేస్తారు గదా. వెంట్రుకవాసి జరిగినా బొమ్మలోని అమ్మాయికి రెండు పెదవులు నాలుగవుతాయి. ఇక్కడా అంతే. ఒక ఫొటోకూ మరొక ఫొటోకూ నడుమ కొంత వ్యవధి వుంటుంది. ఈలోగా సూర్యుడు కదులుతాడు, నీడ జరుగుతుంది. ఆ తేడాను సర్ది మూడింటినీ కలిపితేగాని రంగుల బొమ్మ రాదు. 2012లో దిగిన క్యూరియాసిటీ, 2021లో దిగిన పెర్సివిరెన్స్ బండ్లలోని పెద్ద కెమెరాలు మన చేతి కెమెరాలవలె ఒకేసారి రంగు పట్టగలవు గనుక ఈ కష్టం కొంత తగ్గింది.

ఇక అతకడం. కెమెరాకు ఒక్కసారి కనిపించేది కొద్ది మేర మాత్రమే. కొండా లోయా అంతా చూడాలంటే పదుల కొద్దీ, వందల కొద్దీ ఫొటోలను ప్రక్కప్రక్కన చేర్చాలి. ఒక్కొక్కదానికి అంచు మసకగా వుంటుంది. ఒకటి ఉదయానిది, మరొకటి మధ్యాహ్నానిది అయితే వెలుగు కలవదు. దర్జీ రెండు గుడ్డలను కుట్టు కనబడకుండా కలిపినట్లు కలపాలి. కొందరు అంతటితో ఆగక, కుడికంటి ఫొటోనూ ఎడమకంటి ఫొటోనూ కలిపి, ఎరుపు నీలం అద్దాలు పెట్టుకొని చూస్తే రాళ్ళు ఎత్తుపల్లాలతో కనిపించేటట్లు చేస్తారు. మరికొందరు బండి ఈరోజు ఎక్కడికి పోయిందో లెక్కగట్టి, పైనుండి తీసిన పటం మీద గీత గీసుకుంటారు.

ఇంగ్లండులో వీడియోలు, బొమ్మలు తయారుచేసే ఉద్యోగం చేసుకుంటూ వుండిన డగ్ ఎల్లిసన్ 2004లో ఇటువంటి అభిమానులను ఒకచోట చేర్చారు. 2010లో ఆయన, ఈ బండ్లను నడిపించే కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబరేటరీలోనే ఉద్యోగిగా చేరారు. అందరికీ ఆ యోగం పట్టదు. పట్టాలని కోరి చేసేవారు కూడా తక్కువే.

ఈ పనిలో అసలు చిక్కు రంగు దగ్గర వుంది. 1976 జూలైలో వైకింగ్ 1 పంపిన తొలి రంగుల ఫొటోలో ఆకాశం మన ఆకాశం వలెనే నీలి ఛాయలో వున్నట్లు మొదట విడుదలయింది. కుజుని ఆకాశం కూడా మన వంటిదేనని జనం సంబరపడేలోగా, రంగుల లెక్క సరిచూచి, అది దుమ్ముతో నిండిన లేత గులాబీ ఛాయ అని దిద్దవలసి వచ్చింది. శాస్త్రజ్ఞులకే ఇట్లా జరిగినప్పుడు ఇంట్లో కూర్చొని చేసేవాడి మాట చెప్పనేల? అందుకే స్పిరిట్, ఆపర్చునిటీల మీద ఒక చిన్న నీడగడియారం అమర్చి, దాని మూలల రంగు బిళ్ళలు పెట్టారు. ఆ బిళ్ళల అసలు రంగు తెలుసును గనుక, ఫొటోలో అవి ఎట్లా వున్నవో చూచి మిగిలినదంతా సరిపెట్టవచ్చు. కొన్నాళ్ళకు వాటి మీదా దుమ్ము పడ్డది, అది వేరు సంగతి.

మరొక పద్ధతి కూడా వుంది. ఈ రాయి మన భూమి మీద పగటి వెలుతురులో వుంటే ఏ రంగులో కనిపిస్తుందో ఆ రంగు వేయడం. భూమి రాళ్ళను ఎరిగినవారు పోల్చుకోవడానికి ఇది వీలు. ఇటువంటి ఫొటోలలో ఆకాశం నీలంగా కనబడితే చాలు, అసలు రంగు దాచిపెడుతున్నారని గగ్గోలు పెట్టేవారు బయలుదేరుతారు. దాచింది ఏమీ లేదు. ఏ పద్ధతిలో రంగు వేశారో క్రింద వ్రాసే వుంటుంది. బొమ్మ చూచి వ్రాత చదవని అలవాటు అన్ని దేశాలలోనూ వున్నది కాబోలు. తమాషా ఏమంటే, కుజుని మీద నిజంగా నీలం కనబడే వేళ ఒకటి వున్నది. సూర్యాస్తమయ వేళ అక్కడి సన్నని దుమ్ము వలన సూర్యుని చుట్టూ నీలి వెలుగు వస్తుంది. మనకు పగలు నీలం, సాయంత్రం ఎరుపు; అక్కడ తలక్రిందులు.

వీరి ఓపిక వలన లోకానికి ఒరిగిందేమిటని అడిగేవారికి రష్యావారి కథ చెప్పాలి. 1971 డిసెంబరు 2న సోవియట్ దేశపు మార్స్ 3 కుజుని మీద దిగి, పదిహేను సెకండ్లయినా పూర్తిగా పలకకుండానే మూగబోయింది. అది ఎక్కడ పడివున్నదో నలభై ఏండ్లు ఎవరూ చూడలేదు. క్యూరియాసిటీ వార్తలను రష్యను భాషలో అభిమానులకు అందిస్తూ వుండిన సెంట్ పీటర్స్‌బర్గ్ వాసి విటాలి యెగొరోవ్‌కు ఆ బండిని వెదకాలని పుట్టింది. కుజుని చుట్టూ తిరిగే అమెరికా ఉపగ్రహం 2007లో ఆ ప్రాంతాన్ని తీసిన ఫొటో ఒకటి వున్నది. దానిలో 180 కోట్ల చుక్కలు. పూర్తి వివరంతో చూడాలంటే మామూలు కంప్యూటరు తెరలు సుమారు 2,500 కావాలి. యెగొరోవ్ ముందుగా పారాచూట్ ఏ పరిమాణంలో కనిపించాలి, పై కవచం ఎంత వుంటుంది, దింపే రాకెట్టు ఎట్లా వుంటుంది అని నమూనాలు గీచి ఇచ్చారు. అభిమానులు ఆ మహాపటాన్ని వెదకడానికి కూర్చున్నారు. 2012 డిసెంబరు 31న పారాచూట్ వంటి తెల్లని మచ్చ, దానికి తగిన దూరాలలో మిగిలిన వస్తువులు దొరికినవి. 2013 మార్చిలో ఉపగ్రహం మళ్ళీ ఫొటో తీసింది. ఏప్రిలులో నాసా ఆ సంగతి ప్రకటించింది. అయితే ఇది మార్స్ 3 అయివుండవచ్చునని మాత్రమే అన్నది. తేల్చి చెప్పకపోవడమే నాకు నచ్చింది.

మన దక్షిణాదిలోనూ ఇటువంటి పని ఒకటి జరిగింది, కుజుని మీద కాదు గాని చంద్రుని మీద. 2019 సెప్టెంబరులో మన విక్రమ్ లాండర్ దిగబోతూ మాట తప్పిపోయినప్పుడు ఎంత బాధపడ్డామో చదువరులకు గుర్తే. నాసా ఆ ప్రాంతపు ఫొటోను సెప్టెంబరు 26న బయటపెట్టగా, చెన్నపట్నంలో ఇంజనీరుగా పనిచేస్తున్న షణ్ముగ సుబ్రమణియన్ పాత ఫొటోనూ కొత్త ఫొటోనూ ప్రక్కప్రక్కన పెట్టుకొని చుక్క చుక్కా పోల్చారు. ఒకచోట పూర్వం లేని ఒక్క తెల్ల చుక్క కనిపించింది. నాసాకు వ్రాశారు. వారు మరల ఫొటోలు తీసి, సరిచూచి, అది విక్రమ్ శకలమేనని, మొదట కనిపెట్టినవాడు ఆయనేనని డిసెంబరు 2న పేరుతో సహా ప్రకటించారు. ఆఫీసులో రెండు రిజిస్టర్లు పెట్టుకొని పద్దు పద్దూ టిక్కు పెట్టేవాడు చేసే పని ఇదే. తేడా దొరికేదాకా లేవకూడదు, అంతే.

2021 ఫిబ్రవరిలో పెర్సివిరెన్స్ దిగిన వీడియోలో పారాచూట్ ఎరుపు తెలుపు పట్టీలు వింతగా వుండగా, అందులో ఏదో రహస్యం వున్నదని అధికారులు ఒక మాట విడిచారు. ఇంటివద్ద చూస్తున్నవారు కొన్ని గంటలలోనే దానిని విప్పారు. ఘనకార్యాలకు సాహసించమనే అర్థం గల మూడు ఇంగ్లీషు మాటలు, అంచున ఆ లేబరేటరీ వున్న చోటి అక్షాంశ రేఖాంశాలు.

ఆపర్చునిటీ మాట మిగిలింది. 2018 జూన్‌లో కుజగ్రహమంతా దుమ్ముతుఫాను క్రమ్మి, సూర్యకాంతి మీద బ్రతికే ఆ బండి జూన్ 10 తరువాత పలకలేదు. 2019 ఫిబ్రవరి 13న ఇక ముగిసినదని ప్రకటించారు. అప్పటికి అది 45 కిలోమీటర్లకు పైగా తిరిగింది. బ్యాటరీ తగ్గిపోతున్నది, చీకటి పడుతున్నది అని అది చివరి మాటగా చెప్పినట్లు లోకమంతా కన్నీరు పెట్టుకున్నది. బండి అట్లా ఏమీ అనలేదు. అది పంపిన అంకెలకు ఒక విలేఖరి ఇచ్చిన తాత్పర్యమది. అది చివరిగా పంపినది చీకటి ఆకాశపు ఫొటో ఒకటి, సగంలో ఆగిపోయినది.

తుఫానుకు ముందు 29 రోజులపాటు అది తన చుట్టూ వున్న లోయను ఫొటోలు తీసింది. 354 ఫొటోలు. వాటిని కలిపి నాసావారు 2019లో పెద్ద దృశ్యంగా విడుదల చేశారు. రాళ్ళు, ఇసుక, బండి చక్రాల జాడలు అన్నీ రంగులలో వున్నవి. ఎడమవైపు అడుగున కొన్ని ముక్కలు మాత్రం నలుపు తెలుపుగానే వున్నవి. ఆకుపచ్చ, ఊదా బిళ్ళల ద్వారా ఆ చోట్లను తీయడానికి దానికి వేళ చాలలేదు. ప్రక్కన వున్న ఇసుక రంగే అక్కడా పూసివుంటే ఎవరికీ తెలిసేది కాదు. పూయలేదు. ఆ ముక్కలు ఇప్పటికీ అట్లాగే వున్నవి.