పురానాపూలు నేర్పు పాఠము

కార్వానునుండి పాతనగరమునకు బోవువారు ప్రతిదినమును పురానాపూలు దాటుచుందురు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున, 1578లో, కట్టబడిన యీ వంతెన మన విద్యార్థులకు మంచి గురువని మేము తలంచుచున్నాము.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలకొలది జనులను పొట్టనబెట్టుకొనెను. వాన యొక్కటియే దానికి కారణము కాదు. ఎగువనున్న చెరువు తెగి దిగువచెరువుపై బడగా నదియును దెగెను. ఇట్లు రెండువందలకు మించిన చెరువులు గండిపడి, యా నీరు నగరముపైకి వచ్చెను. అఫ్జల్, ముసల్లంజంగు, చాదర్‌ఘాట్ వంతెనలు చెడుటచే నచ్చట రాకపోకలు నిలిచెను. అఫ్జల్‌గంజి వైద్యశాల కూలెను. పురానాపూలు మాత్రము నిలిచెను. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాననుసరించి ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియై, వఱదను బట్టి యుంచి త్రాగునీరొసగు సాధనములయ్యెను.

నేటి గొలుసు మఱింత పొడవైనది. నగరమునకు నీరు చాలవఱకు కృష్ణా గోదావరులనుండి, విద్యుత్తుతో నడుచు పంపులచే వచ్చుచున్నది. ఇట్టి యంత్రములను నేడు పలుచోట్ల దూరమునుండి కంప్యూటరులు నడుపుచున్నవి. విద్యుత్తాగిన పంపాగును, పంపాగిన కొళాయి యెండును, వైద్యశాల తల్లడిల్లును.

ఈ గొలుసు తెగుటకు వానయే రానక్కఱలేదు. 2015 డిసెంబరు 23న యుక్రెయిను దేశమున దుండగులు కంప్యూటరులలో జొరబడి, దూరమునుండియే సబ్‌స్టేషనుల స్విచ్చులు దీసి, సుమారు 2,25,000 మంది వాడుకదార్లకు కరెంటు లేకుండ జేసిరి. అచటి పనివారు స్వయముగా సబ్‌స్టేషనులకు బోయి, చేతితో స్విచ్చులు వేసి, కొన్ని గంటలలో మరల వెలుగు దెచ్చిరి. వారు చేతిపని మఱచియున్నచో గతి యేమి?

కావున రక్షణోపాయములు మూడు. మొదటిది: యంత్రములను నడుపు కంప్యూటరులను ఇంటర్నెట్టునుండి వేఱుచేసి యుంచుట, సంకేతపదములను గోప్యముగా గాపాడుట. రెండవది: ఒకటి చెడిన వేఱొకటి యుండునట్లు రెండవ దారిని, రెండవ తీగను, నిలువ నీటిని సిద్ధపఱచుకొనుట. మూడవది: యంత్రము మూగవోయినపుడు చేతితో నడుపుట నేర్చి, దానిని తఱచుగా నభ్యసించుట.

2020 అక్టోబరు వానలలో పాతనగరపు పేటలు మునిగెను. నీరు గడప దాటకమునుపే కరెంటు పోయెననియు, పిదప ఫోను మూగవోగా బంధువులను బిలువలేకపోయితిమనియు మా బాలురు కొందఱు చెప్పిరి. గొలుసన నేమో వారికి మేము వేఱుగ బోధింప నవసరము లేకపోయెను.

తల్లిదండ్రులారా! మీ యింట మెయిన్ స్విచ్చు ఎచ్చట నున్నదో, నీరు వచ్చిన నే మిట్టకు బోవలెనో, నేటిరాత్రియే మీ బిడ్డలకు జూపుడు. రెండు దినములకు జాలు త్రాగునీటిని వారిచేతనే నింపింపుడు.