పుట్టుకతో కాలు ఎముక పొట్టిగా ఉంటే...



కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఒక కాలు పొట్టిగా, వంకరగా ఉంటుంది. మోకాలి కింద రెండు ఎముకలు ఉంటాయి. బయటివైపు ఉండే సన్న ఎముక సగమే ఏర్పడినా, అసలు ఏర్పడకపోయినా, దాని పక్కనున్న పెద్ద ఎముక కూడా పొట్టిగా, వంగి పెరుగుతుంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసినందువల్ల ఇది రాదు. దయచేసి తల్లిని నిందించకండి. నాటుకట్లు కట్టించినా, నూనెతో మర్దన చేసినా ఎముక పొడవు పెరగదు.

అందరికీ ఆపరేషన్ అవసరమా?

అవసరం లేదు. తేడా 2 సెంటీమీటర్ల లోపు ఉంటే సాధారణంగా చెప్పు ఎత్తు పెంచితే సరిపోతుంది. తేడా మరీ ఎక్కువై, పాదం కూడా సరిగా లేకపోతే కృత్రిమ కాలే మేలని డాక్టరుగారు చెప్పవచ్చు. మిగతా పిల్లల్లో చాలామందికి ఎముకను సాగదీసే ఆపరేషన్ చేస్తారు.

ఎముక ఎలా సాగుతుంది?

ఈ పద్ధతిని 1950లలో రష్యాలోని కుర్గాన్‌లో డాక్టర్ ఇలిజరోవ్ కనిపెట్టారు. కాలి చుట్టూ రింగులు అమర్చి, సన్నని తీగలతో ఎముకకు బిగిస్తారు. ఎముకను ఒకచోట జాగ్రత్తగా కోస్తారు. సుమారు వారం ఆగి, నట్లు తిప్పడం మొదలుపెడతారు. సాధారణంగా ఒక్కోసారి పావు మిల్లీమీటరు చొప్పున రోజుకు 4 సార్లు, అంటే రోజుకు 1 మిల్లీమీటరు. ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. 4 సెంటీమీటర్లు పెరగాలంటే 40 రోజులు తిప్పాలి. ఆ ఎముక గట్టిపడేవరకు రింగులు తీయరు. మొత్తం 5, 6 నెలలు పట్టవచ్చు.

ఇంటి దగ్గర మీరు చేయవలసినవి

ఆపరేషన్ ఒక్కరోజు పని. మిగతా నెలల పని మీదే.

1. నట్లు తిప్పిన ప్రతిసారీ కాగితం మీద గుర్తు పెట్టండి. ఏ వైపు తిప్పాలో ఇంటికి వెళ్లేముందే సిస్టర్ దగ్గర నేర్చుకోండి.

2. చేతులు సబ్బుతో కడుక్కొని, మేము చూపించిన విధంగా తీగల చుట్టూ శుభ్రం చేయండి. పసుపు, ఆకు పసరు పెట్టవద్దు.

3. మోకాలి కింద దిండు పెట్టవద్దు. మోకాలు వంగిపోయి బిగుసుకుంటుంది. పాదం కిందికి వాలిపోకుండా నేర్పిన వ్యాయామం రోజూ చేయించండి.

4. డాక్టరుగారు అనుమతిస్తే వాకరుతో నడిపించండి. నడిస్తే ఎముక త్వరగా గట్టిపడుతుంది.

5. పాలు, గుడ్డు, పప్పు, రాగిజావ ఇవ్వండి. ఇంట్లో ఎవరూ పొగ తాగవద్దు.

వెంటనే ఎప్పుడు రావాలి?

తీగ దగ్గర చీము, ఎరుపు, వాపు ఉన్నా, తీగ వదులైనా, జ్వరం వచ్చినా, కాలివేళ్లు తిమ్మిరెక్కినా, పైకి లేపలేకపోయినా వెంటనే రండి. తదుపరి తేదీ దాకా ఆగవద్దు.

ఒక తల్లి, బిడ్డ ఏడుస్తున్నాడని, రెండు వారాలు నట్లు తిప్పడం మానేసింది. పిల్లల ఎముక త్వరగా అతుక్కుంటుంది. ఆ బాబుకి మళ్లీ ఎముక కోయవలసి వచ్చింది. ఆమె బిడ్డమీద ప్రేమతోనే ఆపింది. కాబట్టి, అమ్మా, నొప్పి ఎక్కువైతే మీ అంతట మీరు ఆపకండి. మాకు చెప్పండి. నొప్పికి మందు ఉంది, అవసరమైతే తిప్పే వేగం తగ్గించవచ్చు.

రింగులు ఉన్నా బిడ్డ బడికి వెళ్లవచ్చు. కాలు దాచకుండా, సందు వదులుగా కుట్టిన నిక్కరు వేసి పంపండి.